ఉప్పు పూసిన కాగితం

జాలరిపేట మిత్రుడు పోయిన తరువాత అతని భార్య నన్ను అడిగినది ఒక్కటే: మేమిద్దరం డాబా మీద చేసిన ఆ రంగుల కాగితం.

నేను పనిచేసిన కలర్ ల్యాబ్ మూతపడినప్పుడు గడువు తీరిన ఫోటో కాగితం ఒక పెట్టె, కొన్ని సీసాల రసాయనాలు ఇంటికి తెచ్చుకున్నాను. కెమెరా లేకుండా, పగటి వెలుతురులోనే, ఆ కాగితంపై డెవలపర్‌ను కుంచెతో పూసేవాణ్ణి. అది తాకిన చోట ఊదా, ఇటుక ఎరుపు, నలుపు తేలేవి. రంగు పుట్టకుండా ఆపే ఫిక్సర్ ముందుగా తాకిన చోట తెల్లగా మిగిలేది. ఏ వస్తువు రూపమూ ఉండేది కాదు. ప్రతి కాగితం వెనుకా తేదీ, ద్రావణాల పాళ్లు రాసేవాణ్ణి.

వేట లేని రోజుల్లో అతను పక్కన కూర్చునేవాడు.

“ఏటి బావా, ఇందల బొమ్మేదీ?”

“బొమ్మ ఉండదు.”

“మరింత మందెందుకు పోత్తన్నావ్? మా ఇంజన్ల పోసుంటే బోటు కదిలీది.”

చివరి కాగితం చేసిన రోజు కుళాయి రాలేదు. ఫిక్సర్‌ను కడగకపోతే రంగులు నిలవవు. అతను క్యాను నిండా సముద్రపు నీళ్లు తెచ్చాడు.

“హార్బర్ నీల్లు కావు, వాటిల డీజిలుంతాది. లోపలికెల్లి తోడినాను.”

ఉప్పునీరు ఫిక్సర్‌ను త్వరగా వదిలిస్తుంది. ఆ పైన మంచినీటితో ఉప్పును వదిలించాలి. సాయంత్రం కుళాయి వచ్చింది. కాని అప్పటికే ఆరిన కాగితంపై, ఊదా రంగు మీద, ఉప్పు ఈకల్లా విచ్చుకుని ఉంది.

“కడగాలి. లేకపోతే పాడవుతుంది.”

“కడిగీకు బావా. అందల నా వాటా అదే.”

కడగలేదు. అద్దం కింద బిగించి గోడకు తగిలించాను. ఫోన్‌తో ఫోటో తీసి ఉంచమని ఇంట్లోవాళ్లు అంటే, నకలు తీస్తే అసలుకు విలువేమిటని వాదించాను.

ఆమె అడిగాక దించి చూశాను. ఉప్పు సముద్రపు తేమనంతా పీల్చుకుంది. రంగులు కరిగి అద్దానికి అంటుకుపోయాయి, ఈకలు లేవు. శుభ్రంగా కడిగిన మరో కాగితం ఎంచి, రెండూ పట్టుకెళ్లాను.

ఆమె చేపల గంప దించి, చేతులు తుడుచుకుని, రెండూ చూసి, రంగు చెడనిదాన్ని ముట్టుకుంది.

“ఇది బాగున్నాది అన్నయ్యా. ఆయన నీల్లేసింది ఏదీ?”

చూపించాను. అద్దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది.

“ఆయన సెప్పిన ఉప్పు ఈకలు లేవు,” అని, అయినా దాన్నే చెంగులో చుట్టుకుంది.

రెండోది ఇంటికి తెచ్చుకున్నాను. రంగు ఇసుమంతయినా తగ్గలేదు.