రెండూ ఎడమకాలివే

"ఆదివారం, ఆలూరు, పొద్దు వాలినాక. హాజరు: మా నాయన, ఆయన తమ్ముడు చిన్నాయన, వాళ్లమ్మ మా జేజి, ఊరి పెద్దలు ఇద్దరు, నేను."

తేదీ ఉన్న మూల చెదలు తిన్నాయి. పాత డైరీలు పేపర్లవాడికి వేద్దామని కోడలు కుప్ప పోస్తే, ఈ ఉదయం నా చేతికి తగిలిన పేజీ ఇది. అప్పుడు నాకు కమలాపురంలో కొత్త ఉద్యోగం. ఇంట్లో పంచాయితీ ఉందంటే సెలవు పెట్టి ఊరికి వచ్చాను.

తప్పు నాదే. రష్యా రచయిత ఒకాయన జీవితం గురించిన తెలుగు పుస్తకం చిన్నాయనకు తెచ్చిచ్చింది నేను. ఊళ్లకు ఊళ్లే సొంతంగా ఉన్న జమీందారు, పెద్ద పెద్ద నవలలు రాసినవాడు, ముసలితనంలో మడక పట్టి దున్నాడు, బూట్లు కుట్టాడు. ఇంకొకరి కష్టం మీద కూర్చుని తినడం తప్పని ఆయన వాదం. మా ఇంట్లో ఆ పుస్తకం అందరూ చదివారు, నమ్మింది మాత్రం చిన్నాయన ఒక్కడే. మడక ఆయనకు కొత్త కాదు. అందుకని నేరుగా చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయి, నెల రోజులు ఆయన పక్కన నేలమీద కూర్చున్నాడు. తీరా మొదటి జత తయారయ్యేసరికి రెండూ ఎడమకాలివే. "మీ రష్యా ఆయప్పకు కుడికాలు లేదేమో సామీ" అన్నాడట గురువు. చిన్నాయన ఆ జతే తొడుక్కుని, కుంటుకుంటూ, బజారు నడుమ నుంచి ఇంటికొచ్చాడు.

దానికే ఈ పంచాయితీ. భూములున్న ఇంట్లో తోలు పనేందని నాయన ఎగిరాడు. "అది మానితేనే మాతో బంతిలో కూర్చో. లేదంటే నీ విస్తరి పశువుల కొట్టంలోనే."

"చెప్పులు గావాల, కుట్టినోని పక్కన కూర్చుంటే మాత్రం మైలా? యాడి న్యాయమప్పా ఇది?" అని చిన్నాయన తన విస్తరి తనే ఎత్తుకుని కొట్టంలోకి పోయాడు. ఆ రాత్రి జేజి సంగటి ముట్టలేదని రాసుకున్నాను. ఆమె పుట్టి బుద్ధెరిగి చెప్పు తొడగలేదు. మడమలు ఎండాకాలపు నల్లరేగడిలా నెర్రెలిచ్చి ఉండేవి.

మర్నాడు పొద్దున్నే జేజి కొట్టంలోకి పోయి, నాయన చూస్తుండగానే చిన్నాయన ముందు కాలు చాపింది.

"కొలత తీసుకోరా. రెండు కాళ్లకూ వేరేవేరేగా తీసుకో."

నాయన ఏదో అనబోయాడు. "నువ్వుండప్పా. ఈ పూట నా విస్తరి గూడా ఈడనే" అంది.

కాగితం దొరక్క నా డైరీ లాక్కున్నారు. ఈ ఉదయం పేజీ తిప్పితే అవే: ఎడమ పేజీలో ఎడమ పాదం, కుడి పేజీలో కుడి పాదం, బొగ్గుతో గీసినవి. వేళ్లు పేజీలు దాటిపోయాయి.

డైరీలన్నీ మళ్లీ బీరువాలోకి సర్దాను. చిన్నాయన జేజికి కుట్టిన చెప్పులు అరిగిపోయాయి, నాయనతో సహా ఆ ముగ్గురూ లేరు. ఇన్నేళ్లుగా నేను రాసుకున్నవాటిలో కాలానికి లొంగనివి, నేను ఒక్క అక్షరమూ రాయని ఆ రెండు పేజీలే.