నేలవేము చేదు మీద నా ప్రశ్న

నేలవేము జన్యువులు చదివినవాళ్లు ఇంతవరకు నన్ను లెక్కలోకే తీసుకోలేదు. వాళ్లు మరిచిపోయినా నేను మరవలేదు.

ఫిలింనగర్‌లో సినిమా సెట్లకు కుండీ మొక్కలు కిరాయికిచ్చే నర్సరీ నాది. ఐటీ జోరుమీదున్న రోజుల్లో మా ఎదుటి ఎడిటింగ్ రూము ఖాళీ అయి, అందులో ఔషధ మొక్కల జీనోమ్, అంటే వాటి జన్యువుల మొత్తం రాత, చదివే కంపెనీ దిగింది. అక్కడ పనిచేసే ఏలూరు అమ్మాయి ఒకరోజు వచ్చి నేలవేము ఆకులు అడిగింది. మందాకును ఎలా చూసుకోవాలో నాకు తెలియదా? కడిగి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, పొట్లం కట్టి ఇచ్చాను.

ఆమె పొట్లం విప్పి నవ్వింది. "కషాయానికి కాదండీ బాబాయ్ గారూ. పచ్చి లేతాకు కావాలి. ఎండితే డీఎన్ఏ పాడైపోతుంది."

"గది ముందుగాల చెప్పాలె గద."

మర్నాడు రెండు కుండీలే మోసుకెళ్లాను. ఒకటి మేడమీద ఎండలో పెరిగింది, రెండోది షూటింగుల కోసం నీడలో పెంచింది. ఆకులు తుంచి, పొగలు కక్కే చల్లటి ద్రవంలో వేశారు. మా సెట్లో స్వర్గం సీనుకు కూడా అంత పొగ రాదు. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన వాళ్ల బాసుకు రెంటిలోంచి ఒక్కో ఆకు ఇచ్చి నమలమన్నాను. నీడాకు నమిలి తలూపాడు. ఎండాకు నమిలి సీసాడు నీళ్లు తాగేశాడు.

"ఏంటండీ బాబూ, చంపేశారు."

"రెండు గూడ ఒక్క మొక్క గింజలే సార్. మరి గిదెందుకు గింత చేదు?"

బాసు నోరు తుడుచుకుంటుంటే ఆ అమ్మాయే చెప్పింది. ఆ చేదులోనే మందుందట. మొక్క దాన్ని మెట్టుమెట్టుగా తయారుచేసుకుంటుందట, ఆ మెట్లను జన్యువులే నడిపిస్తాయట. "జీనోమ్ రెండిటికీ దాదాపు ఒకటేనండీ. ఏ ఆకులో ఏ జన్యువు ఎక్కువ పనిచేస్తోందో చూడాలి. చూసి చెప్తాను."

చూశారు. చెప్పలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం మారి వెళ్లిపోయింది. నేలవేము జీనోమ్ చదివేశామని ఆఫీసు గోడకు పెద్ద పోస్టరు పెట్టారు, అందులో అంచు విరిగిన నా కుండీయే ఉంది. కింద నా పేరుకు బదులు 'స్థానిక సేకరణ' అని రాశారు. ఆ రోజు కేకు పెట్టె నా గేటు ముందునుంచే లోపలికి వెళ్లింది.

ఇప్పుడా కంపెనీ జూబ్లీహిల్స్‌లో అద్దాల మేడకు మారింది. రిసెప్షన్‌లో మొక్కలు నావే. బాసు కనబడితే, "వచ్చే వారం కూర్చుందామండీ" అంటాడు. అలా ఎన్ని వారాలు గడిచాయో నాకు తెలుసు.

అయ్యా కంపెనీవారూ, నేను వేరే ఏమీ అడగడం లేదు. ఎండలో నా మొక్క ఏ జన్యువును లేపింది, నీడలో ఏది పడుకుంది? సోమవారం పొద్దున్నే వస్తాను. కూర్చోబెట్టి, తెలుగులో చెప్పండి.