చెలమలో పిట్టలకు దారి

ఈరోజు చిత్రావతి ఏట్లో నడుస్తుండగా తడి ఇసుక వాసన తగిలింది. వెంటనే అవ్వ గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు సంతకు చిట్టడవి దాటి, ఎండిన ఏటి వెంటే నడిచేవాళ్లం. ఒకనాడు నా నాలుక పిడచగట్టుకుపోయింది. తుంగగడ్డి పచ్చగా ఉన్నచోట అవ్వ చేతులతో చెలమ తవ్వింది. ఊరిన నీటికి నేను వంగగానే చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మే, బర్రె మాదిరి బురద తాగుతావా? తొలి నీళ్లు తోడి పారబొయ్యి. రొంత ఓర్చుకో."

తేటనీళ్లు తాగి లేవబోతే మళ్లీ కసిరింది. "నీ దప్పిక తీరింది సరే, పిట్టలు ఎట్ల దిగల్ల?" పిట్టలు దిగేలా నేను చెలమకు ఒక పక్క వాలు తీసేదాకా కదలనివ్వలేదు.

మన ఈడువాళ్లంతా ఇలా తాగినవారే కదా! భూగర్భజలాల పరిశీలన ఇప్పుడు నా వృత్తి. పరికరాలు పక్కనపెట్టి తుంగ దగ్గర తవ్వాను. మూరెడు లోతున నీరుంది. తాగి, వాలు తీసి, దూరంగా కూర్చున్నాను.

కాసేపటికి రెండు పిగిలిపిట్టలు దిగాయి.