సత్యం మాస్టారి ఒత్తులు జారిపోయిన రోజు

తిరువూరులో నేను తలెత్తుకుని తిరిగిన రోజులు కూడా ఉన్నాయి. అవి సత్యం మాస్టారి రిటైర్మెంటు సభకి ముందు రోజులు. ఆ సభలో మూడు లేజర్ దీపాలు పెట్టి నా పరువు నేనే ఎలా తగలబెట్టుకున్నానో ఇప్పుడు చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

సత్యం మాస్టారు మాకు హైస్కూల్లో తెలుగు చెప్పారు. బోర్డు మీద అక్షరం ఎర్ర సుద్దముక్కతో, ఒత్తు ఆకుపచ్చతో, సున్న నీలంతో రాసేవారు. అన్ని రంగుల్లో చెప్పినా నా బుర్రకి ఒత్తు ఎక్కలేదు. "ఒరేయ్, నీ ఒత్తులు ఊళ్లో ఆవుల్లాంటివిరా. ఒకరింటి ముందు ఉండాల్సింది ఇంకొకరింటి ముందు ఉంటుంది" అనేవారు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోటి వెంట నాకు "శెభాష్" రాలేదు. ఆయన రిటైరయ్యేలోపు ఆ మాట అనిపించుకోవాలని నా కోరిక. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసుకునేవాడికి అదెందుకు అంటారా? ఏమో, కావాలంతే.

అందుకని ఇంట్లోనే ఒక లేజర్ ప్రొజెక్టరు తయారుచేశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు కిరణాలు. వణికే బుల్లి అద్దాల మీద పడి అవి గోడ మీద అక్షరాలు రాస్తాయి. "సత్యం మాస్టారికి వందనం" అని ఆయన రంగుల్లోనే రాయించాలనుకున్నాను. మూడు కిరణాలూ ఒకే దారిలో వెళితేనే ఒత్తు తన అక్షరం కిందికి, సున్న తన అక్షరం పక్కకి చేరతాయి. వాటిని కలపడానికి రెండు వారాలు స్క్రూలు తిప్పాను. ఎర్రది దారికొస్తే పచ్చది పోతుంది, పచ్చదాన్ని బతిమాలితే నీలం అలుగుతుంది. చివరికి పడగ్గది గోడ మీద మూడు చుక్కలూ ఒకటై తెల్లగా మెరిశాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఆవిడ సునీత గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమండీ, స్కూలు హాలు ఇంత చిన్నది కాదుగా. అంత దూరంలో కూడా ఇలాగే ఉంటాయా?"

"వెలుతురు తిన్నగా పోతుంది సునీతా. ఇక్కడ కలిసినవి అక్కడ కలవకుండా ఎక్కడికి పోతాయి?"

"పోనీ ఒకసారి ఎదురింటి గోడ మీద వేసి చూడండి."

"నీకు సైన్సు తెలీదు, ఊరుకో."

తిన్నగా పోయే మాట నిజమే. మూడూ మూడు వైపులకి తిన్నగా పోతాయని నాకు తోచలేదు. దగ్గర గోడ మీద ఒకసారి, దూరపు గోడ మీద ఒకసారి, రెండు చోట్లా కలిపి చూసుకోవాలట. ఆ సంగతి నాకు సభ అయ్యాక తెలిసింది.

సభ మధ్యాహ్నం. కిటికీలకి దుప్పట్లు కట్టి హాలు చీకటి చేశాం. వేదిక వెనక గోడ మీద, అందరి తలలకీ బాగా పైన పడేలా ప్రొజెక్టరు పెట్టాను. నాతో చదువుకున్న రమేష్ మైకులో "ఇప్పుడు మాస్టారికి ఆయన శిష్యుడి కానుక!" అని అరిచాడు. స్విచ్చి నొక్కాను.

ఎర్ర అక్షరాలు బుద్ధిగా నిలబడ్డాయి. ఆకుపచ్చ ఒత్తులు కుడివైపు జరిగి పరాయి అక్షరాల కింద చేరాయి. నీలం సున్నాలు మూడూ గోడ వదిలేసి సీలింగు ఎక్కాయి.

మాస్టారు వెనక్కి తిరిగి, కళ్లజోడు సవరించుకుని, రమేష్ చేతిలోని మైకు తీసుకుని క్లాసులోలాగే చదివారు. "సత... మ్యా... సారిక్టి... వదన."

వెనక వరసలోంచి ఎవరో "మ్యావ్" అన్నారు. ఇక హాలు ఆగలేదు.

రమేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంట్రా ఇది?"

"ఒక్క నిమిషం, స్క్రూ తిప్పుతున్నా."

"తిప్పకురా బాబూ, ఉన్నది ఉన్నట్టు ఉంచు!"

తిప్పాను. ఒత్తులు ఈసారి ఎడమవైపుకి దూకాయి.

"స్యత మ్టాసారికి" అని చదివారు మాస్టారు. "ఇది పలకడం నాకే రావట్లేదురా. సున్నాలేవి?"

"పైనున్నాయండి, ఫ్యాను దగ్గర."

"దించు."

"దిగట్లేదండి."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆయన స్కూలుకి వచ్చిన ఆఖరి రోజు అది, నా ఆఖరి అవకాశం కూడా. వైరు పీకేశాను. లైట్లు వెలిగాయి. మాస్టారు నన్ను వేదిక మీదికి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. ఇప్పుడంటారు, జాలిపడైనా ఆ మాట అంటారు అనుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా పక్కకి తిరిగి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు.

"హెడ్మాస్టరు గారూ, నన్నిప్పుడే పంపించెయ్యకండి. వీడికి ఇంకా ఒత్తులు రాలేదు."

ఆ చప్పట్లు నాలుగు వీధుల అవతలికి వినిపించాయని సునీత ఇప్పటికీ చెబుతుంది. శెభాష్ మాత్రం రాలేదు, ఇక రాదు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా (వాళ్ల పేర్లలోనూ ఒత్తులూ సున్నా ఉన్నాయి, ఏం చేస్తాం) ప్రమాణం చేస్తున్నాను. ఒత్తు గానీ సున్న గానీ ఉన్న మనిషి పేరు ఈ జన్మలో మళ్లీ వెలుతురుతో రాయను. రమ, గిరి, సీత లాంటి వాళ్లెవరైనా రిటైరవుతుంటే మాత్రం ముందుగా చెప్పండి, ఆలోచిద్దాం.