రాబాకండి

మాచర్లలో మాది మందుల కొట్టు. మా ఆయన పోయాక, పెద్దకర్మ అయిన వారానికే తాళం తీశాను. ఎవరు పలకరించినా "బాగానే ఉన్నా" అనేదాన్ని. నా ప్రమేయం లేకుండానే ఆ మాట నోట్లోంచి వచ్చేసేది.

ఆ మధ్య కొట్లో కంప్యూటర్ మొరాయించింది. బాగుచేయించాక మందుల పేర్లు, ధరలు అన్నీ తిరిగొచ్చాయి గానీ, మా ఆయన ఓపిగ్గా కూర్చుని పెట్టుకున్న సెట్టింగుల ఫైలు మాత్రం పోయింది. పోయిందని ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క ముక్క చెబితే ఒట్టు! పొద్దున్నే ఎప్పట్లాగే నవ్వుమొహంతో తెరుచుకుంది. నేనూ ఎప్పట్లాగే బిల్లులు కొట్టాను.

ఆటోలు బాగుచేసే భాయ్ ఒకాయన, తన భార్య కిడ్నీ మందుల కోసం నెలనెలా వస్తాడు. ఆ రోజు బిల్లు తీసుకుని అడుగుదాకా చదివాడు. మొహం వాడిపోయింది.

"ఇదేంది చెల్లెమ్మా, మళ్ళీ దయచేయండని రాశావు?"

బిల్లు అందుకుని చూశాను. ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు 'వెళ్ళొస్తా' అని కూడా అనం మేము. అలాంటిది మందుల కొట్లో మళ్ళీ దయచేయమనడమా! ఛీ, ఎంత పాపం. అక్కడ ఉండాల్సింది మా ఆయన సొంతంగా రాసుకున్న మాట.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి దులిపేశాను.

"ఆ ఫైలు లేకపోతే మేం పెట్టిన సెట్టింగులతో ఓపెనవుద్ది మేడం. మీ పని ఆగకూడదని అట్టా పెట్టాం" అన్నాడు అవతలాయన.

"ఆగితే ఆగనీయండి! ఫలానాది కనపడట్లేదు, ఏం చేయమంటారని అడగాలా వద్దా? లేంది లేదని చెప్పకుండా, అంతా ఉన్నట్టు నటించేదేంది?"

"మీ మాట మళ్ళీ టైపు చేసుకోండి మేడం."

టైపు చేయబోతే సరిగ్గా ఆ మాటే గుర్తుకు రాలేదు. పాత బిల్లులు వెతికాను. ఆ కాగితాల మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. చివరికి "మళ్ళీ రావద్దు" అని కొట్టాను. అర్థం అదే, కానీ ఆయన గొంతు అందులో లేదు.

మరుసటి నెల భాయ్ వచ్చాడు. బిల్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"రావద్దు కాదు చెల్లెమ్మా. 'ఇంక మా కొట్టుకి రాబాకండి, చల్లగా ఉండండి.' అదీ బావ రాసింది. తిట్టినట్టుందని నేను ఎగతాళి చేస్తే, మన పల్నాడులో దీవెన ఇట్టాగే ఉంటదనేవాడు."

రాబాకండి. అచ్చం మా ఆయన నోటి మాట. భాయ్ ఎదురుగానే దిద్ది, ఇంకో బిల్లు తీసిచ్చాను. భాయ్ చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వెట్టా ఉన్నావు చెల్లెమ్మా?"

బాగానే ఉన్నా అనబోయాను.

"ఆయన లేడు భాయ్" అన్నాను.

నలుగురూ చూస్తుండగానే కౌంటర్ మీద తలపెట్టి ఏడ్చాను. ఆయన పోయాక అలా ఏడవడం అదే మొదలు. ఆ పూట కొట్టు మూసేశాను.