దామోదరం మామ తడిగుడ్డ

దామోదరం మామకు దుమ్మంటే పగ. చూలై పేటలో మేమున్న ఇంట్లో ఆయనది ముందు వాటా, మాది మేడమీద. రిటైరైన సైన్సు టీచరు భుజాన కండువా ఉండాలి కదా, ఈయన భుజాన తడిగుడ్డ ఉండేది. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళ గురించి విన్నాం గానీ, తడిగుడ్డతో ప్రాణాలు తోడేసేవాణ్ణి ఆ తొంభై మూడులోనే చూశాం.

మేనల్లుడి పెళ్ళిచూపులకు కోడంబాక్కం వెళ్ళి, బజ్జీ ముట్టుకోకముందే కిటికీ మీద వేలితో గీసి, ఆ వేలు పిల్ల తండ్రికి చూపించాడు.

"ఏం సార్, మీ పిల్ల దీన్ని పీల్చే పెరిగిందా?"

సంబంధం అక్కడే ఊడ్చుకుపోయింది.

మా అమ్మ పరక పట్టుకుంటే చాలు, కింద నుంచి కేక.

"వరదలక్ష్మీ! చిమ్మతా ఉండావా, ఊరికంతా పంచతా ఉండావా? తడిగుడ్డతో తుడవమ్మా!"

"నాకు నడుం నొప్పి. మీరే తుడవండన్నా!"

నిజంగానే వచ్చి ఇల్లంతా తుడిచాడు. అప్పటినుంచి బద్ధకం వేసినప్పుడల్లా అమ్మ పరకను గట్టిగా చప్పుడు చేసేది.

వెనక వాటాలో సుబ్బన్, భార్య రాజలక్ష్మితో ఉండేవాడు. పక్కవీధి షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే పని. సాయంత్రం బూడిదరంగు బొమ్మలా వచ్చేవాడు. మామ గేటు దగ్గరే అడ్డం నిలబడేవాడు.

"ఆడనే నిలబడు! అంగీ విప్పు. దులపొద్దురా!"

"నా ఇంటికి నేను పోవద్దా సార్?" సుబ్బన్ గేటు పట్టుకుని అడిగేవాడు.

"కూలోడంటే ఎంత అలుసో!" అని అమ్మ పళ్ళు కొరికేది. నేనూ ఆయన్ను పొగరుబోతనే అనుకున్నాను.

అంతలో సుబ్బన్ కూతురు, రెండేళ్ళ శ్రీప్రియ, అన్నం మానేసి కడుపునొప్పని ఏడవసాగింది. అందరూ దిష్టి తీశారు. మామ మాత్రం పిల్లను ఎత్తుకుని పెద్దాసుపత్రికి పోయి, రక్తంలో సీసం పరీక్ష చేసేదాకా డాక్టరు ప్రాణం తీశాడు. అనుమానం నిజమైంది. తండ్రి బట్టల మీద వచ్చిన సీసం దుమ్ము నేల మీద పడింది, ఆ నేల మీద ఆడిన చేతులు పిల్ల నోట్లో పెట్టుకుంది.

ఇక మామ రాజ్యమే. సుబ్బన్ గేటు దగ్గరే బట్టలు మార్చి స్నానం చేయాలి. నేల రోజూ తడిగుడ్డతో తుడవాలి. చేతులు కడగనిదే పిల్లకు ముద్ద లేదు. మందులూ వాడారు. ఆరు నెలలకు రక్తంలో సీసం బాగా తగ్గింది. పిల్ల రెండో దోసె అడిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం డాబా ఎక్కితే, ముక్కుకు గుడ్డ, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు వేసుకుని మామ బకెట్ ముందు కూర్చుని ఉన్నాడు. లోపల సుబ్బన్ పని బట్టలు.

"చాకలికి వేస్తున్నానన్నారే మామా?"

"ఆ చాకలికి మాత్రం పిల్లల్లేరా? రాజలక్ష్మి ఉతికేదానికి లేదు. ఆ పిల్ల మళ్ళా కడుపుతో ఉండాది."

"మరి మీకేం కాదా?"

"నాకు అరవైఏడు. సీసం నా బుర్రను మొద్దు చేసేలోపల నేనే పోతా. సుబ్బన్‌కు చెప్పినావంటే చూడు, సిగ్గుపడి చస్తాడు."

ఇంకో జత గ్లౌజులు తొడుక్కుని పక్కన కూర్చున్నాను. ప్యాంటు పట్టుకుని పిండబోతే మామ నా చేతుల వంక చూశాడు.

"బీకాం చదివినావు కదరా! ప్యాంటు పిండేది చెప్పలేదా ఆడ?"