చీనీ తోట మెయిలుకు జల్లెడ

మా మేనమామకు సొంత డొమైను పెట్టించింది నేనే. పులివెందుల దగ్గర ఆయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. ఆ తోట పేరుతో ఒక వెబ్‌సైటు, అదే పేరుతో ఒక మెయిలు అడ్రసు. ప్రొద్దుటూరులో కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఇలాంటి చిన్నచిన్న వెబ్‌సైట్లు చేసే నాకు అదేం పెద్ద పని కాదు. అయినా ఆ అడ్రసుకు మొదటి మెయిలు నేనే పంపి, అది మామ ఫోనులో టింగుమని మోగినప్పుడు నాకు చిన్నపిల్లలా గంతులెయ్యాలనిపించింది. మామ దాన్ని ఎరువుల అంగట్లో చూపించాడు, బస్టాండులో టీ కొట్టు దగ్గర చూపించాడు, బోరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కుకు కూడా చూపించాడు. "నా పేరు కాదప్పా, నా తోట పేరు సూడు" అని అందరికీ అదే మాట.

ఆయన సంబరానికి కారణం ఉంది. ప్రతి ఏడూ కాపు దిగే ముందు ఒక వ్యాపారి వస్తాడు. తోటంతా ఒక చుట్టు తిరిగి, ఒక ధర చెప్పి, చెట్ల మీదున్న కాయంతా గుత్తకు తీసుకుంటాడు. ఆయన చెప్పిందే ధర. మామకు ఎదుటి మనిషి మొహం మీద 'లేదు' అనడం చేతకాదు. వెళ్లేటప్పుడు టీ కూడా ఇచ్చి పంపిస్తాడు, ఆ తర్వాత వారం రోజులు అన్నం సరిగ్గా తినడు. ఒక్కసారైనా తన కాయను తన మాట మీద అమ్ముకోవాలని ఆయన కోరిక. మెయిలు అడ్రసు అందుకే.

వెబ్‌సైటులో అడ్రసు కనిపించేలా పెట్టడం ఆలస్యం, చెత్త వచ్చి పడింది. లాటరీ తగిలిందని ఒకడు. కాయలు కడిగే మిషన్లు అమ్ముతానని ఒకడు. మీ మెయిలు పెట్టె నిండిపోయింది, వెంటనే ఇక్కడ నొక్కండి అని ఒకడు. ఏదో దేశంలో భర్త పోయిన పెద్దావిడ, ఆస్తంతా దానం చేయడానికి మంచి మనిషి కోసం వెతుకుతోందట. ఇవన్నీ మామూలే, కొన్నాళ్లకు తగ్గుతాయిలే అనుకున్నాను. తగ్గకపోగా రోజురోజుకూ పెరిగాయి. ఏదో తేడాగా ఉందని పంపిన మెయిళ్ల పెట్టె తెరిచి చూశాను. మామ ఒక్కరినీ వదలకుండా అందరికీ జవాబు రాస్తున్నాడు! తెలుగులో చెబితే ఇంగ్లీషులో రాసిపెట్టే సౌకర్యం ఫోనులో ఉంది కదా. 'అయ్యా, మేము క్షేమం, మీరు క్షేమమా, మాకు మిషను ఇప్పుడు అవసరం లేదు, ఏమీ అనుకోవద్దు' అని. ఆ పెద్దావిడకైతే పేజీడు ఓదార్పు.

వెంటనే ఫోను చేశాను. "మామా, ఏం చేస్తాండావు నువ్వు? వాళ్లంతా దొంగలు!"

"దొంగలో దొరలో మనకెట్ల తెలుస్తాది పాపా? పలకరిచ్చినోళ్లకు బదులియ్యకుంటే బాగుంటాదా? ఇంటి ముందరికొచ్చి నిలబడితే కూచోమనమా?"

కోపంతో అరవబోయి నవ్వేశాను. ఆయన పుట్టి పెరిగిన పద్ధతి అది. దారిన పోయేవాడు 'బాగుండావా మామా' అంటే, వాడెవడో తెలియకపోయినా ఆగి, వాడి ఊరూ వానలూ అడిగి గాని కదలడు. కానీ జవాబు వచ్చిన అడ్రసంటే ఆ దొంగలకు పండగ. ఇక్కడ మనిషున్నాడని ఒకరికొకరు చెప్పుకుంటారు.

అలాంటి సమయంలో కువైట్ నుంచి ఆ కబురు వచ్చింది. జమ్మలమడుగు అబ్బాయి ఒకడు నా దగ్గర కంప్యూటరు నేర్చుకుని, అక్కడ ఒక పెద్ద అంగట్లో పండ్ల విభాగంలో పనిచేస్తున్నాడు. మామ తోట వెబ్‌సైటు తన మేనేజరుకు చూపించాడట. "అక్కా, మా సారుకు కాయ శానా నచ్చింది. ఈ వారంలోనే మెయిల్ పెడతాడు. బదులు రాకుంటే మాత్రం ఇంగో దేశం కాయకు పోతాడు, ముందే చెప్తాండా" అన్నాడు. ఆ వారంలోనే గుత్త వ్యాపారి కూడా వస్తానని మామకు కబురు పంపాడు. ఇక చూడండి నా పరిస్థితి. ఒక్క మెయిలు. అది ఈ చెత్తకుప్పలో పడితే మామ తోట మళ్లీ ఆ వ్యాపారి చెప్పిన ధరకే పోతుంది.

నాకు భయం కంటే హుషారే ఎక్కువైంది. క్లాసులకు సెలవిచ్చి స్పామ్ ఫిల్టర్ల మీద పడ్డాను. మెయిలుతో పాటు ఉచితంగా వచ్చిన ఫిల్టరు ఉండీ లేనట్టే. బయట దొరికేవాటిలో రెండు నచ్చాయి. రెండూ కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడనిస్తాయి. డొమైను సెట్టింగుల్లో దారి మారిస్తే చాలు, మెయిళ్లన్నీ ముందు వాళ్ల దగ్గరికెళ్లి, జల్లెడ పట్టించుకుని మన పెట్టెలోకి వస్తాయి. తేడా ఒక్కటే. మొదటిది మహా కఠినం, అనుమానం వస్తే గేటు దగ్గరే వెనక్కి తరిమేస్తుంది. రెండోది తరమదు, అనుమానం ఉన్నవాటిని పక్కగదిలో కూర్చోబెట్టి, వచ్చి చూసుకోమని మనకు చెబుతుంది. నా స్వభావం నాకు తెలుసు కదా, ఇంకో ఆలోచన లేకుండా కఠినమైనదాన్నే పట్టుకున్నాను. దొంగలకు పక్కగదీ మర్యాదలూ ఎందుకు?

అబ్బ, ఆ సాయంత్రం ఇన్‌బాక్సు చూస్తే కడుపు నిండిపోయింది. లాటరీలు లేవు, మిషన్లు లేవు. మామకు ఫోను చేసి గొప్పలు పోయాను. ఆ సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు. పొద్దున చూస్తే మిషన్ల వాడు దర్జాగా లోపలున్నాడు. అతని పక్కనే పెద్దావిడ. ఇదేం వింత అని ఆ ఫిల్టరు నియమాలన్నీ చదివితే అప్పుడు తెలిసింది. మనం ఎవరికైతే జవాబు రాశామో వాళ్లను అది మనవాళ్ల కింద లెక్కగట్టి తలుపు తీస్తుంది! మామ మర్యాద పుణ్యమా అని దొంగలంతా బంధువులైపోయారు.

నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చుంటే కువైట్ నుంచి ఫోను. "ఏందక్కా ఇది? మా సారు మెయిల్ పెడితే వెనక్కి కొట్టినారంట? ఆయప్ప కోపంగా ఉండాడు."

దొంగలకు తలుపు తీసి, రావలసిన మనిషిని గేటు దగ్గరే తరిమేశాను. మామ తప్పు కాదు, ఫిల్టరు తప్పు కాదు, దాన్ని ఎంచుకున్న నా దూకుడుది తప్పు. "ఇంకొక్కసారి పెట్టమని చెప్పు తండ్రీ, రేపు పెట్టమను చాలు" అని బతిమాలాను. సారును ఒప్పిస్తానని ఆ అబ్బాయి మాటిచ్చాడు. అప్పటికప్పుడే డొమైను దారి మార్చి పక్కగది ఉన్న ఫిల్టరు పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. జమ్మలమడుగు, ముద్దనూరు దాటుతున్నంతసేపూ ఫోను చూస్తూనే ఉన్నాను. ఇన్‌బాక్సులో ఏమీ లేదు. తోట చేరేసరికి మామ మోటారు షెడ్డు ముందు మంచమేసి నా కోసం కూర్చుని ఉన్నాడు. చెట్ల నిండా కాయ, కొమ్మలకు కర్రలు ఆనించి నిలబెట్టారు.

మామ ఇదివరకు జవాబులు రాసిన అడ్రసులు కొత్త ఫిల్టరులోకీ వచ్చేశాయి. ముందు ఆ 'మనవాళ్ల'ను తీసేయాలి. ఒక్కొక్క పేరూ చూపిస్తూ తీసేస్తుంటే మామ మొహం చిన్నదైంది. పెద్దావిడ పేరు దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయమ్మను ఉండనీ పాపా. పాపం, మొగుడు పోయినాడంట."

"మొగుడూ లేడు, ఆయమ్మా లేదు మామా!"

"ఉంటేనో?"

ఆయనతో వాదించే ఓపిక లేక ఆవిడను వదిలేశాను. ఇన్‌బాక్సు మళ్లీ చూశాను. ఖాళీ. అంతలో మోటారు సైకిలు చప్పుడు. గుత్త వ్యాపారి వచ్చాడు. ఆయనకు అలవాటైన తోటే కాబట్టి, సొంత ఇంట్లో లాగా మంచం మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఈ తూరి కాయ సన్నంగా ఉండాది మామా. ఏదో పాత తీరునే అనుకుందాం. సరేనా?"

మామ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఇంకో నిమిషం ఆగితే తల ఊపేస్తాడు. అప్పుడు గుర్తొచ్చింది, పక్కగది నేను చూడనే లేదు. గబగబా తెరిచాను. లాటరీ ఒకటి, జుట్టు నూనె ఒకటి, వాటి కింద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఆశ్చర్యార్థకాలతో 'అర్జెంట్' అని మొదలైన మెయిలు, దానికి బరువైన ఫైలొకటి తగిలించి ఉంది. చూపుకు అచ్చం దొంగ మెయిలే. నేనైనా చెరిపేసేదాన్ని. తెరిస్తే చీనీకాయ! ఎంత సైజు, ఏ రంగులో కోయాలి, పెట్టెకు ఎన్ని పట్టాలి, మొదటి లోడు ఎప్పుడు పంపగలరు. కింద అంగడి ముద్ర.

"మామా, వచ్చింది! కువైట్ వాళ్లది, వచ్చేసింది!" అని గట్టిగా అరిచేశాను. మోటారు షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి. లాప్‌టాప్ మామ ఒళ్లో పెట్టి 'ఇది మనదే' అన్న బటన్ చూపించాను. ఆయన నొక్కాడు. మెయిలు పక్కగదిలోంచి లేచి ఇన్‌బాక్సులోకి వచ్చి కూర్చుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

వ్యాపారికి ఏమీ అర్థం కాలేదు. "ఏందప్పా, సరేనా కాదా?" అన్నాడు.

మామ లాప్‌టాప్ పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. "లేదప్పా. ఈ తూరి గుత్తకియ్యను. నా కాయ నేనే పంపుకుంటా." అంతే. గొంతు పెంచలేదు, కారణాలు చెప్పలేదు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి, బహుశా ఆయనకు కూడా. వ్యాపారి టీ తాగి, మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. టీ మాత్రం మామే ఇచ్చాడు.

ఇద్దరం కూర్చుని సారుకు జవాబు రాశాం. అది వెళ్లిందని చూసుకున్నాక మామ లాప్‌టాప్ తన వైపుకు తిప్పుకున్నాడు.

"పాపా, ఆయమ్మ పేరు యాడుండాదో సూపీ. నేనే తీసేస్తా."

చూపించాను. వేలు బటన్ మీద పెట్టాడు. "బాగుండు తల్లీ" అని నొక్కేశాడు.